తప్పు దిద్దే మీట ఎక్కడ?

ఏ ఆఫీసు కిటికీ ముందు నిలబడ్డా ఈమధ్య ఒకే మాట వినిపిస్తోంది: ‘‘సిస్టమ్ తీసుకోవట్లేదండీ.’’ లోపల కూర్చున్నాయనకు మనమెవరో తెలుసు. మన కాగితం సరైనదేనని తెలుసు. తెర మీద ఉన్నది తప్పని కూడా తెలుసు. అయినా చేతులెత్తేస్తాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయన చేతిలో ఏమీ మిగల్చలేదు మరి.

ఇదంతా కచ్చితత్వం కోసమే చేశారట. మనిషి అలసిపోతాడు, మరిచిపోతాడు, మొహమాటపడతాడు, సందు దొరికితే చెయ్యి చాపుతాడు. యంత్రానికి ఈ జబ్బులేవీ లేవు. కాబట్టి పనిలో మనిషి చెయ్యి ఎంత తగ్గితే తప్పులు అంత తగ్గుతాయి, పని అంత వేగంగా సాగుతుంది. సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ నుంచి కలెక్టరేట్ సమీక్ష దాకా, షోరూమ్ మేనేజరు నుంచి పత్రికల్లో సంపాదకీయాలు రాసేవారి దాకా అందరూ తలూపిన సిద్ధాంతమిది. వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, ఎదురు చెప్పినవాణ్ని కంప్యూటరంటే హడలిపోయే పాతకాలపు గుమస్తా కింద జమకట్టేస్తారు.

నేను ఎదురే చెబుతున్నాను. పని దగ్గరున్న మనిషి ‘‘ఇది తప్పు’’ అన్నప్పుడు ఆ మాట నమోదయ్యే చోటు, దాన్ని విచారించే నాథుడు, దిద్దే దారి ఉన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ అద్భుతాలు చేస్తుంది. అవి లేనిచోట అదే సాఫ్ట్‌వేర్ ఒకడి పొరపాటును వెయ్యిమంది నెత్తిన రుద్దుతుంది. పైగా ముద్ర వేసి మరీ రుద్దుతుంది.

కంప్యూటర్ వల్ల మేలు జరగలేదని ఎవరన్నారు? 1980ల నడుమ ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్లు కంప్యూటర్లోకి ఎక్కకముందు ఫలానా రైలుకు ఫలానా కౌంటరు, ఫలానా లెడ్జరు. క్యూ తప్పితే మళ్లీ మొదటికే. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ‘కార్డ్’ వచ్చాక, రోజుల తరబడి తిప్పించుకున్న ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) నిమిషాల్లో చేతికొచ్చింది. కూడికల్లో, వెతుకులాటలో, నకళ్లు తీయడంలో మనిషి యంత్రంతో పోటీపడలేడు. కానీ లోపలికొచ్చిన అంకె నిజమో కాదో కూడిక తేల్చదు. రెండు అబద్ధాల్ని కలిపినా మొత్తం పైసలతో సహా సరిగ్గానే వస్తుంది.

దీనికి సాక్ష్యం బ్రిటన్ పోస్టాఫీసు. అక్కడ పల్లెల్లో, పేటల్లో పోస్టాఫీసుల్ని చాలావరకు నడిపేది జీతగాళ్లు కారు, కాంట్రాక్టు మీద పనిచేసే సబ్‌పోస్ట్‌మాస్టర్లు. ఓ పక్క బ్రెడ్డూ పాలూ పత్రికలూ అమ్మే కొట్టు, ఇంకో పక్క పోస్టాఫీసు గల్లా. స్టాంపులు, పింఛన్లు, బిల్లుల లెక్క కాగితం మీద కట్టుకునేవాళ్లు. తేడా వస్తే చీటీలు ముందేసుకుని వెనక్కి వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఒకచోట దొరికేది. 1999 నుంచి ఆ కాగితాల స్థానంలోకి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. కట్టింది ఫుజిట్సు చేతిలో ఉన్న ఐసీఎల్. చెప్పిన ఉద్దేశాలు మనకు బాగా తెలిసినవే: కచ్చితత్వం, వేగం, మోసాలకు అడ్డుకట్ట.

కొద్దికాలానికే దేశం నలుమూలలా గల్లాలు తక్కువ పడటం మొదలైంది. హాంప్‌షైర్‌లోని సౌత్ వార్న్‌బరో అనే ఊళ్లో జో హామిల్టన్ నడిపే పోస్టాఫీసులో రెండు వేల పౌండ్లు తక్కువున్నాయంది యంత్రం. ఆమె హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, అవతలివాళ్లు నొక్కమన్న మీటలన్నీ నొక్కింది. ఆమె కళ్లెదుటే లోటు రెట్టింపై నాలుగు వేలైంది. బ్రిడ్లింగ్టన్‌లో లీ క్యాజిల్టన్ అదే హెల్ప్‌లైన్‌కు 91 సార్లు ఫోన్ చేశాడు. చివరికి పోస్టాఫీసు ఆయన మీదే దావా వేసింది. 25 వేల పౌండ్ల తగువుకి ఆయన నెత్తిన పడిన కోర్టు ఖర్చులు 3 లక్షల 21 వేలు. దివాలా తీశాడు. భారత సంతతికి చెందిన సీమా మిశ్రాను 2010లో, గర్భవతిగా ఉండగా, జైలుకు పంపారు. ఫోన్ చేసినవాళ్లలో ఎంతోమందికి దొరికిన జవాబు ఒకటే: ఇలాంటి ఇబ్బంది ఇంకెవరికీ రాలేదు, మీకొక్కరికే.

ఇక్కడొక చిన్న వివరం దగ్గర ఆగాలి, నా వాదమంతా దాని మీదే నిలబడింది. నెల లెక్క మూసి కొత్త నెల తెరవాలంటే సబ్‌పోస్ట్‌మాస్టర్ తెర మీద కనిపించే లోటును తేల్చెయ్యాలి. జేబులోంచి డబ్బు పెట్టి పూడ్చొచ్చు, లేదా పైఆఫీసు ఖాతాకు మళ్లించి బాకీ ఒప్పుకోవచ్చు. ‘ఈ లోటు నాది కాదు, విచారించండి’ అనడానికి తెర మీద మీట లేదు. తేలని మొత్తాల్ని పక్కన పెట్టుకునే సస్పెన్స్ ఖాతా ఒకటి మునుపు ఉండేది. హొరైజన్ వచ్చిన కొన్నేళ్లకు దాన్నీ తీసేశారు. లెక్క మూయకపోతే వ్యాపారం సాగదు. అందుకని కొందరు ఇంటి మీద అప్పు తెచ్చి పూడ్చారు. కొందరు లెక్క సరిపోయిందని ఒప్పుకుని ముందుకెళ్లారు. ఆ ఒప్పుకోలే తర్వాత కోర్టులో దొంగలెక్కల నేరానికి సాక్ష్యమై కూర్చుంది.

యంత్రంలో లోపాలున్నాయా అంటే ఉన్నాయి. స్కాట్లండ్‌లోని డాల్మెల్లింగ్టన్ పేరుతో పిలిచే బగ్ ఒకటుంది. ఎనిమిది వేల పౌండ్ల నగదు సంచి ఒకటి చేరింది. తెర కదలకపోవడంతో ఎంటర్ మీట మళ్లీ మళ్లీ నొక్కారు. నొక్కిన ప్రతిసారీ ఇంకో సంచి వచ్చినట్టు లెక్కకెక్కింది. రాని సంచుల మూలంగా 24 వేల లోటు. అంతేనా? ఫుజిట్సు సిబ్బంది దూరాన కూర్చుని శాఖల లెక్కల్లో చెయ్యి పెట్టగలరన్న నిజాన్ని పోస్టాఫీసు ఏళ్ల తరబడి బుకాయించింది. సబ్‌పోస్ట్‌మాస్టర్ అలన్ బేట్స్ ముందు నిలిచి నడిపిన 555 మంది దావాలో 2019 డిసెంబరులో హైకోర్టు అసలు సంగతి తేల్చింది. ఈ వ్యవహారంలో 900 మందికి పైగా దోషులుగా తేలి ఉన్నారు. ఒక్కొక్కరూ కోర్టు మెట్లెక్కి నిర్దోషులని రుజువు చేసుకోవడం అయ్యే పని కాదని, 2024లో పార్లమెంటు ఏకంగా చట్టం చేసి ఆ తీర్పుల్ని కొట్టేసింది.

బగ్గుల్ని నేను పెద్ద నేరంగా చూడను. లక్షల వరుసల ప్రోగ్రాములో బగ్గు లేకపోతేనే వింత. అన్ని ఊళ్ల నుంచి అంతమంది ఒకే మాట చెబుతుంటే వినే ఏర్పాటు ఒక్కటీ లేకపోవడం, అదీ నేరం. కాగితం రోజుల్లో తేడా వస్తే ‘ఎక్కడ తప్పింది?’ అని వెతికేవారు. యంత్రం వచ్చాక ‘ఎవరు తిన్నారు?’ అని వెతికారు. ఆ మార్పును పోస్టాఫీసు పెద్దలు సామర్థ్యం అనుకున్నారు.

ఎక్కడో ఇంగ్లండు గొడవ మనకెందుకంటారా? తెలంగాణ రైతుల దగ్గరికి వద్దాం.

2020 సెప్టెంబరు 7న, ఒక్క పూటలో, వీఆర్వోల దగ్గరున్న భూరికార్డులన్నీ స్వాధీనం చేసుకున్నారు. ఆ వ్యవస్థనే రద్దు చేశారు. అక్టోబరు 29న ఆ రికార్డుల కోసం ధరణి పోర్టల్ మొదలైంది. వీఆర్వోల మీద జనానికున్న కోపం ఉత్తిపుణ్యానికి వచ్చింది కాదు. చెయ్యి తడిపితే తప్ప కాగితం కదలదన్న అనుభవం ఇంటింటికీ ఉంది. ఆ మనిషే లేకుండా పోతే లంచమూ పోతుంది, తప్పూ పోతుంది అనుకున్నారు. రికార్డు సరిగ్గా ఉన్న రైతుకు నిజంగానే మేలు జరిగింది. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్ ఆఫీసుకు వెళ్తే రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒక్క పూటలో అయిపోయేవి. ఈ సంగతి దాచిపెట్టి వాదించడం నిజాయితీ కాదు.

రికార్డు సరిగ్గా లేని రైతు మాటేమిటి? ధరణిలోకి ఎక్కిన వివరాలకు పునాది 2017 సెప్టెంబరులో మొదలుపెట్టి వంద రోజుల్లో చుట్టబెట్టిన భూరికార్డుల ప్రక్షాళన. ఆ హడావుడిలో ఒకరి పేరు తప్పు పడింది, ఒకరి విస్తీర్ణం తగ్గింది, ఒకరి సర్వే నంబరే ఎగిరిపోయింది. కాలవకో రోడ్డుకో కొన్ని గుంటలు పోయినచోట సర్వే నంబరు మొత్తం నిషేధిత జాబితాలోకి చేరింది. మునుపైతే తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీవో దగ్గర అప్పీలు ఉండేది. కొత్త చట్టం రెవెన్యూ అప్పీళ్లను ఎత్తేసి సివిల్ కోర్టుకు పొమ్మంది. పోర్టల్లోనైనా దిద్దుకుందామంటే మొదట్లో ఎన్నో రకాల తప్పులకు అసలు గడి లేదు. గోల పెరిగినకొద్దీ ఒక్కో మాడ్యూల్ అతికిస్తూ పోయారు. ‘టీఎం 33’ అనే దిద్దుబాటు మాడ్యూల్ పేరు పల్లెల్లో రచ్చబండ దగ్గర నలిగిందంటే ఎంతమంది అందులో ఇరుక్కున్నారో ఊహించుకోవచ్చు. పాసుపుస్తకంలో ఒక దిద్దుబాటు కోసం ఫైలు కలెక్టరు లాగిన్ దాకా ఎక్కాల్సి వచ్చేది. అది దిగివచ్చేదాకా రైతుబంధు వచ్చేది కాదు, బ్యాంకు అప్పు పుట్టేది కాదు, బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముదామన్నా రిజిస్ట్రేషన్ అయ్యేది కాదు. పక్కపొలం రైతుకు తెలుసు ఆ చెలక ఎవరిదో. ఊరంతటికీ తెలుసు. తెరకు తెలియదు, తెరకు చెప్పే దారి లేదు.

2025లో ధరణి స్థానంలోకి భూభారతి చట్టం వచ్చింది. అప్పీళ్లు తిరిగొచ్చాయి. గ్రామ పాలనాధికారి అన్న పేరుతో ఊరికి మనిషి తిరిగొచ్చాడు. ఏ పార్టీ తెచ్చింది, ఏ పార్టీ మార్చింది అన్నది ఇక్కడ నాకు పట్టని విషయం. కొత్త పోర్టల్ బాగుందో లేదో రైతులే చెబుతారు. నాకు కావలసింది ఒక్కటే: కచ్చితత్వం పేరుతో ఊరి నుంచి తీసేసిన మనిషిని, అయిదేళ్లు తిరక్కుండానే కచ్చితత్వం కోసమే మళ్లీ తెచ్చి కూర్చోబెట్టారు.

‘అవి నాసిరకం సాఫ్ట్‌వేర్లు. మంచివి కొనండి, సిబ్బందికి శిక్షణ ఇవ్వండి, ఒకరు చేసింది ఇంకొకరు సరిచూసే పద్ధతి పెట్టండి’ అంటారు కొందరు. ఈ వాదానికి బరువుంది. అయితే సిటీబ్యాంకులో ఇవన్నీ ఉన్నాయి. 2020 ఆగస్టులో, రెవ్‌లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ అప్పు మీద ఆ బ్యాంకు అప్పులిచ్చినవాళ్లకు దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ పంచాలి. పంచింది మాత్రం దాదాపు 90 కోట్ల డాలర్లు, తన సొంత డబ్బు. వాడింది ఫ్లెక్స్‌క్యూబ్, ఒకప్పుడు మన దేశంలో పుట్టి తర్వాత ఒరాకిల్ చేతికి వెళ్లిన బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్. అసలు మొత్తం బయటికి పోకుండా లోపలి ఖాతాకు మళ్లించాలంటే తెర మీద మూడు గడులు నింపాలి. ఒక్కటే నింపారు. నింపింది ఒకరు, సరిచూసింది ఇంకొకరు, ఇద్దరూ భారతదేశంలో. ఆమోదించిన సీనియర్ ఉద్యోగి అమెరికాలో. ముగ్గురూ చూశారు, ముగ్గురూ బాగుందనుకున్నారు.

హెచ్చరిక రాలేదా? వచ్చింది. డబ్బు బ్యాంకు బయటికి వెళ్తోంది, కొనసాగించాలా అని తెర అడిగింది. ఎంత డబ్బో చెప్పలేదు. వడ్డీ ఎలాగూ బయటికి వెళ్లాల్సిందే కనుక అది మామూలు హెచ్చరికే అనుకుని సరే నొక్కారు. మర్నాడు లెక్కలు చూసుకుంటే గానీ తెలియలేదు. అప్పులవాళ్లలో కొందరు తిరిగివ్వబోమన్నారు. 2021లో కింది కోర్టు వాళ్ల వైపే తీర్పు చెప్పింది. అప్పీలు కోర్టు దాన్ని తిరగదోడేసరికి 2022 సెప్టెంబరు వచ్చింది. ముగ్గురు మనుషులు ఒకే తెరను చూస్తే మూడు తనిఖీలు జరిగినట్టు కాదు. తెర దాచింది ముగ్గురికీ దాగే ఉంటుంది. వాళ్లలో ఒక్కరి ముందైనా ఆ పూట బయటికి పోవాల్సిన మొత్తం వేరే కాగితం మీద ఉండి, రెంటినీ పోల్చాలన్న నియమం ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇక వేగం సంగతి. ఉపాధి హామీ పనుల్లో (రాయలసీమలో ‘కరువు పని’ అంటారు) కాగితం మస్టర్ల మీద లేనివాళ్ల పేర్లు రాస్తున్నారన్నది ఉత్త ఆరోపణ కాదు, జరిగిందే. దాన్ని ఆపడానికి కేంద్రం 2021లో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, అన్నిచోట్లా తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు పనిచోటి గుర్తుతో సహా కూలీల ఫొటో తీసి ఎక్కించాలి.

వేసవిలో మన చెరువు పని ఎలా సాగుతుందో చూసినవాళ్లకు ఇందులో తిరకాసు వెంటనే అర్థమవుతుంది. గడ్డపార, పార, తట్ట పట్టుకుని చీకటితోనే దిగుతారు. ఎండ నడినెత్తికి రాకముందే తమ గుంత కొలత పూర్తి చేసుకుని ఇంటిదారి పడతారు. కూలి కట్టేది గంటల లెక్కన కాదు, తవ్విన మట్టి లెక్కన: పొడవు, వెడల్పు, లోతు. మెత్తని నేలకు ఒక రేటు, గట్టి నేలకు ఒక రేటు. టెక్నికల్ అసిస్టెంటు టేపు పెట్టి కొలిచిందే కూలి. మరి రెండో ఫొటో దేనికి? కొలత ముగించుకున్న ఆడవాళ్లు ఫొటో కోసం తుమ్మచెట్టు కింద పడిగాపులు కాయాలి, లేదా ఇంటికెళ్లి మళ్లీ రావాలి. మేట్ (జట్టు పెద్ద) ఏమో ఫోను పైకెత్తి పట్టుకుని సిగ్నల్ కోసం కట్ట మీద అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఫొటో ఎక్కకపోతే ఆనాటి హాజరుకు ఎసరు. తవ్విన మట్టి కళ్లెదుట కుప్పగా ఉన్నా సరే. కాగితం మస్టర్ మీద కూలీ కనీసం తన పేరు ఎదుట వేలిముద్ర వేస్తూ అక్కడేముందో చూసుకునేది, చదువురాకపోతే పక్కామెను అడిగేది. ఇప్పుడు ఆమె హాజరు మేట్ ఫోనులో ఉంటుంది.

పోనీ, దొంగ హాజర్లు ఆగాయా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసి వాపోయింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారట. ఫొటోకే ఫొటో తీసి పెడుతున్నారట. ఒకే మనిషి పలు మస్టర్లలో కనిపిస్తున్నారట. పొద్దుటి ఫొటోలో ఉన్న తలకాయలకూ మధ్యాహ్నం తలకాయలకూ పొంతన లేదట. దీనికి ఆ శాఖ కనిపెట్టిన మందు: పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషే కూర్చుని, నూటికి నూరూ సరిచూడాలి. మనిషిని నమ్మలేక యాప్ పెట్టారు, యాప్‌ను నమ్మలేక మనిషిని పెట్టారు. నడుమ కూలీ నాలుగు వేసవులు ఫొటోకు నిలబడింది. అదే ఏడాది తెలంగాణలో ఒక పంచాయతీ కార్యదర్శి హాజరు సాక్షాత్తూ ముఖ్యమంత్రి ఫొటోతో పడిపోయిందన్న సంగతి బయటపడింది. అది ముఖాల్ని గుర్తుపట్టే యాప్! ఒకటో తరగతి పిల్లాడికి చూపించినా ముఖ్యమంత్రిని గుర్తుపట్టేవాడు.

టైము మిగిలిందంటారే, ఎవరికి మిగిలింది? పైనున్నవారికి మిగిలింది, ఒప్పుకుంటాను. హైదరాబాదులోనో అమరావతిలోనో కూర్చుని జిల్లాల వారీగా ఆకుపచ్చ, ఎరుపు గడులు చూడొచ్చు. కింద అంగన్‌వాడీ టీచరు పిల్లల బరువు యాప్‌లో ఎక్కిస్తుంది, రిజిస్టర్లో రాస్తుంది, రాసినట్టు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. పిల్ల ఒకటే, బరువు ఒకటే, రాత మూడుసార్లు. పై మెట్టు మీద ఆదా అయిన నిమిషాలు కింది మెట్టు మీద గంటలై చేరాయి. ఆమె గంటలకు ఖరీదు కట్టే గడి ఏ నివేదికలోనూ లేదు కాబట్టి అంతా లాభంగానే కనిపిస్తుంది.

‘అందరికీ కాదనే హక్కిస్తే దొంగ కూడా కాదంటాడు, పని ముందుకు సాగదు’ అన్నది ఇంకో అభ్యంతరం. దొంగ అంటాడు, నిజమే. అయితే ఏమిటి? హొరైజన్ తెర మీద ‘ఒప్పుకోను’ అనే మీట ఒకటుండి, ఏ నెలలో ఏ ఊళ్లో ఎంతమంది దాన్ని నొక్కారో పైఆఫీసులో ఎవరో ఒకరు లెక్కపెట్టి ఉంటే, లోపం గల్లాల్లో ఉందో యంత్రంలో ఉందో మొదటి ఏడాదిలోనే తేలేది. ఊరికొక దొంగ ఉండొచ్చు గానీ, ఊరూరా ఒకేసారి పాత పోస్ట్‌మాస్టర్లంతా దొంగలు కారు. అభ్యంతరాలను పనికి అడ్డంగా చూసే ఆఫీసు, తన చేతికొచ్చిన అన్నిటికన్నా విలువైన సమాచారాన్ని చెత్తబుట్టలో వేస్తోంది.

ఆగడం వల్ల వేగం తగ్గుతుందన్న భయమూ ఉత్తదే. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం గొప్పతనం దారం తెగితే తనంతట తాను ఆగిపోవడం. ఆగకపోతే గజాల కొద్దీ బట్ట పాడైపోయేది, ఒక్కో మగ్గానికి ఒక్కో మనిషి కాపలా ఉండాల్సి వచ్చేది. ఆగుతుంది కాబట్టే ఒక్క మనిషి ఎన్నో మగ్గాలు చూసుకోగలిగాడు. ఆ కుటుంబం తర్వాత పెట్టిన కార్ల ఫ్యాక్టరీలో, తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి వరుసను ఆపించొచ్చు. మన మేనేజ్‌మెంట్ తరగతుల్లో టొయోటా పేరు జపిస్తారు. ఆ తాడు మాత్రం ఏ ఆఫీసు సాఫ్ట్‌వేర్లోనూ కనపడదు.

అంతదూరం వెళ్లనక్కర్లేదు, ఇలాంటిది మన దగ్గరే జరిగింది. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టీసీఎస్ తయారు చేసిన సాఫ్ట్‌వేర్‌తో పని నడిపింది. మస్టర్లు, కొలతలు, చెల్లింపులు అన్నీ అందులోనే. అది అప్పట్లో దేశానికే నమూనా అయిందంటే కారణం సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. దానికి తోడుగా సామాజిక తనిఖీ పెట్టారు, 2009లో అందుకోసం ప్రత్యేకంగా సొసైటీ ఏర్పాటు చేశారు. కూలీల ఇళ్లలోంచే వచ్చిన చదువుకున్న పిల్లలు ఆ కంప్యూటర్లోంచి తీసిన కాగితాలు పట్టుకుని గడప గడపకూ వెళ్లేవారు. ‘‘అక్కా, ఫలానా వారం ఊరచెరువులో నువ్వు ఆరు రోజులు చేసినట్టుంది, ఇంత డబ్బు ముట్టినట్టుంది. నిజమేనా?’’ అని అడిగేవారు. ‘‘ఆ వారం నేను ఊళ్లోనే లేను’’ అని ఆమె అంటే ఆ మాట రాసుకునేవారు. గ్రామసభలో పైకి చదివేవారు. మండల కేంద్రంలో షామియానా వేసి పెట్టే ప్రజావేదికలో అధికారుల ఎదుట మళ్లీ చదివేవారు. కంప్యూటర్ చెప్పినదానికి ఎదురుగా నిరక్షరాస్యురాలి మాట సాక్ష్యంగా నిలబడింది. తేలిన సొమ్ములో చాలా భాగం తిరిగి రాబట్టలేకపోయారు, అది సర్కారు వైఫల్యం. కానీ తప్పు ఎక్కడుందో తేలింది. యాప్‌లో ఫొటో మీద ఫొటో పేరుకుపోయిన ఈ రోజుల్లో అంతమాత్రమైనా తేలడం లేదు.

చివరిగా చట్టం సంగతి. ఇంగ్లండులో 1984 నాటి చట్టం ప్రకారం కంప్యూటర్ నుంచి తీసిన కాగితాన్ని క్రిమినల్ కేసులో సాక్ష్యంగా చూపాలంటే ఆ యంత్రం సరిగ్గా పనిచేసిందని ముందు చూపించాల్సి ఉండేది. అదొక గుదిబండ అనుకుని 1999లో ఆ నిబంధనను ఎత్తేశారు. అప్పటి నుంచి యంత్రం సరైనదేనని కోర్టు అనుకుంటుంది, కాదని చూపించాల్సిన బరువు అవతలివాడిది. కొట్టు నడుపుకునే మనిషి ఫుజిట్సు సర్వర్లో ఏముందో ఎలా చూపిస్తాడు? పోస్టాఫీసు కేసులు అంత తేలిగ్గా గెలవడం వెనక ఈ మార్పు ఉంది.

మన చట్టం ఈ విషయంలో నయం. పాత సాక్ష్యాల చట్టంలోని 65బి, 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ అడుగుతాయి. ఆ సర్టిఫికెట్ తప్పనిసరేనని సుప్రీంకోర్టు 2020లో మరోసారి గట్టిగా చెప్పింది. చిల్లర దొంగతనం కేసులో సీసీ కెమెరా ముక్క చూపించాలన్నా, యంత్రం సరిగ్గా పనిచేసిందని ఒక మనిషి సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాలి. అదే దేశంలో ఒక కూలీ హాజరు కొట్టేయడానికి, ఒక రైతు విస్తీర్ణం కోసేయడానికి ఏ సంతకమూ అక్కర్లేదు. తెర మీద అలా ఉంది, అంతే.

కాబట్టి అడగాల్సింది కొత్త యాప్‌ను కాదు. హాజరు కొట్టేసినా, పేరు తీసేసినా, గల్లా తక్కువంటూ బాకీ రాసినా, ఆ తెర సరిగ్గా పనిచేస్తోందని పేరు రాసి సంతకం పెట్టే అధికారి ఒకరు ఆ ఆఫీసులోనే ఉండాలి. ఆ సంతకం పెట్టడానికి ఆయన భయపడితే ఇంకా మంచిది, పెట్టే ముందు బయటికొచ్చి చూస్తాడు. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెండర్లలో సర్వరు ఎంతసేపు ఆగొచ్చో, ఆగితే కంపెనీ ఎంత జరిమానా కట్టాలో రాస్తారు. దాని పక్కనే ఇంకో షరతు చేర్చండి: తప్పు పడిన పేరు ఎన్ని రోజుల్లో దిద్దాలి, గడువు దాటితే రోజుకు ఎంత చొప్పున, ఎవరి జీతంలోంచి.